ఖాళీ సీటు నష్టం ఎవరి ఖాతాలో?

ఊరికి కొత్త విమానం వస్తుందంటే హడావుడి అంతా ఇంతా ఉండదు. ఫైరింజన్లు రెండు పక్కలా నిలబడి విమానం మీద నీళ్లు చిమ్ముతాయి. మంత్రిగారు జెండా ఊపుతారు, మొదటి ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ అందిస్తూ ఫొటో దిగుతారు. విమానాశ్రయానికీ ఎయిర్‌లైన్‌కీ మధ్య కుదిరిన ఒప్పందం మాత్రం ఆ ఫొటోలో ఎక్కడా కనపడదు. విమానం ఆర్నెల్లకే ఆగిపోతుందా, పదేళ్లు నడుస్తుందా అన్నది చాలావరకు ఆ కాగితాల్లో ముందే తేలిపోయి ఉంటుంది.

ఇలాంటి వాటికి వ్యూహాత్మక భాగస్వామ్యం, ప్రోత్సాహక పథకం, వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అని రకరకాల పేర్లున్నాయి. పేరు ఏదైనా అడగాల్సింది ఒక్కటే. సీట్లు నిండకపోతే ఆ నష్టం ఎవరు భరించాలి? ఈ రంగంలో కనిపించే ఒప్పందాలన్నీ ఈ ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పిన జవాబులే.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఇద్దరి పెట్టుబడులూ ఒక రకం కావు. ఎయిర్‌లైన్ ఆస్తికి రెక్కలున్నాయి. ఒక రూటు గిట్టుబాటు కాకపోతే వచ్చే సీజన్‌లో అదే విమానాన్ని ఇంకో ఊరికి తిప్పుకుంటుంది. విమానాశ్రయం ఆస్తి మాత్రం కిలోమీటర్ల పొడవున నేలకి అతుక్కుపోయిన రన్‌వే, టెర్మినల్, వాటి మీద ఇరవై ముప్ఫై ఏళ్ల అప్పు. విమానాలు వచ్చినా రాకపోయినా వాయిదా కట్టాల్సిందే, ఫైర్ సిబ్బందికి జీతాలివ్వాల్సిందే. అందుకే బేరం మొదలయ్యేసరికే ఎయిర్‌లైన్ చెయ్యి పైన ఉంటుంది.

విమానాశ్రయానికి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ల్యాండింగ్ ఛార్జీ, పార్కింగ్ ఛార్జీ, ప్రయాణికుల నుంచి వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, అంటే యూడీఎఫ్, ఇవన్నీ ఒక దారి. షాపులు, హోటళ్లు, కార్ పార్కింగ్, ప్రకటనల బోర్డులు, చుట్టుపక్కల స్థలాల అద్దెలు రెండో దారి. రెండోది పుష్కలంగా ఉంటే మొదటిది తగ్గించుకోవచ్చు. మన టౌన్లలో కాంప్లెక్స్ కట్టిన ఓనరు పేరున్న బట్టల షాపుకి కింది అంతస్తు తక్కువ అద్దెకు ఇచ్చి, దానికోసం వచ్చే జనం మీద మిగతా షాపుల అద్దెలు రాబట్టుకుంటాడు చూడండి, ఆ లెక్కే ఇదీ.

ఈ లెక్కను చివరిదాకా లాగి చూపించింది బెల్జియంలోని షార్లెరువా. బొగ్గు గనులు మూతపడి, ఉక్కు పరిశ్రమ చితికిపోయిన ఊరు. బ్రస్సెల్స్‌కి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నా విమానాశ్రయానికి మాత్రం బ్రస్సెల్స్ సౌత్ అని పేరు పెట్టుకుంది. 2000లో అక్కడికి వచ్చి వెళ్లిన ప్రయాణికులు ఏడాది మొత్తానికి రెండున్నర లక్షలు. మరుసటి ఏడాది ఐర్లండ్‌కి చెందిన చవక ఎయిర్‌లైన్ రయాన్‌ఎయిర్‌తో వాలూన్ ప్రాంతీయ ప్రభుత్వం, దాని చేతిలోని విమానాశ్రయ సంస్థ ఒప్పందాలు కుదుర్చుకున్నాయి. వీటి షరతులు బయటికొచ్చాయి కాబట్టి కాస్త దగ్గరగా చూడొచ్చు.

ల్యాండింగ్ ఛార్జీ ఎక్కే ప్రయాణికుడికి ఒక యూరో. మామూలు రేటులో అది దాదాపు సగం. సామాను దించడం, చెకిన్ లాంటి గ్రౌండ్ హ్యాండ్లింగ్ పనులకు మరో యూరో. ఈ పనికి బయట 8 నుంచి 13 యూరోల దాకా పడేది. కొత్త రూటు తెరిచిన ప్రతిసారీ 1,60,000 యూరోలు, అలా 12 రూట్లకు. పైలట్ల నియామకానికి, శిక్షణకు 7,68,000 యూరోలు. సిబ్బంది హోటల్ ఖర్చులకు 2,50,000. ఆఫీసు సామానుకు 4,000. ప్రచారానికి ప్రయాణికుడికి 4 యూరోల చొప్పున. పైగా పదిహేనేళ్లలో ప్రభుత్వం రేట్లు గానీ విమానాశ్రయం పని వేళలు గానీ మార్చి ఎయిర్‌లైన్‌కి నష్టం కలిగిస్తే పరిహారం కూడా. బదులుగా రయాన్‌ఎయిర్ ఇచ్చిన మాట: పదిహేనేళ్ల పాటు రెండు నుంచి నాలుగు విమానాలను అక్కడే ఉంచి, ఒక్కోదాన్ని రోజుకు కనీసం మూడు ట్రిప్పులు తిప్పడం.

ఆఫీసు కుర్చీల ఖర్చు దాకా రాబట్టుకున్నారంటే బేరం ఎవరు ఆడారో వేరే చెప్పక్కర్లేదు. అలాగని విమానాశ్రయం మోసపోయిందని కూడా అనలేం. చవక ఎయిర్‌లైన్‌కి టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిపించే ఏరోబ్రిడ్జిలు అక్కర్లేదు. ముందు, వెనక రెండు మెట్లు పెట్టి జనాన్ని నడిపించేస్తారు. దిగినవాళ్లు దిగుతుండగానే ఎక్కేవాళ్లు గేటు దగ్గర క్యూలో ఉంటారు. ఇరవై అయిదు నిమిషాల్లో విమానం మళ్లీ కదులుతుంది. ఒకే స్టాండు మీద రోజుకి ఎన్నో విమానాలు వచ్చిపోతాయి కాబట్టి తక్కువ కట్టడంతో ఎక్కువమందిని పంపొచ్చు. వాళ్లంతా పార్కింగ్‌కి, కాఫీకి, బస్సుకి డబ్బు ఖర్చు పెడతారు. 2019 నాటికి షార్లెరువా ప్రయాణికుల సంఖ్య 82 లక్షలు దాటింది.

ఈలోగా యూరోపియన్ కమిషన్ రంగంలోకి దిగింది. ప్రభుత్వ డబ్బుతో ఒక ఎయిర్‌లైన్‌ని మేపితే మిగతావాళ్లకు అన్యాయం కదా అన్నది అభ్యంతరం. 2004లో ఆ రాయితీల్లో కొంత భాగం చట్టవిరుద్ధమని, తిరిగి కట్టాలని తేల్చింది. 2008 డిసెంబర్‌లో యూరప్ కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ప్రభుత్వమూ విమానాశ్రయ సంస్థా కలిసి ఒక వ్యాపారిలా ఆలోచించి ఉంటే ఇలాంటి ఒప్పందానికి ఒప్పుకునేవారా, ముందు అది చూడాలంది. కమిషన్ మళ్లీ లెక్కలు వేసి 2014లో రయాన్‌ఎయిర్‌తో కుదిరిన ఒప్పందాలు లాభదృష్టితో చేసినవేననీ, అవి అక్రమ సాయం కిందికి రావనీ చెప్పింది. విమానాశ్రయ సంస్థ తన ప్రభుత్వానికి కట్టాల్సిన దానికన్నా తక్కువ కడుతోందని మాత్రం తప్పు పట్టింది. పదేళ్లకు పైగా సాగిన ఈ తగువులో తేలిన సూత్రం చాలా సింపుల్. రాయితీ ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చేనాటికి అది తిరిగొస్తుందన్న లెక్క చేతిలో ఉండాలి.

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో కథ ఇంకోలా నడిచింది. అక్కడ రయాన్‌ఎయిర్‌కి ఇచ్చే ప్రచార డబ్బు చెల్లదని 2003లో స్థానిక కోర్టు చెప్పగానే, కంపెనీ తన లండన్ సర్వీసును రైన్ నది అవతల జర్మనీలోని బాడెన్‌బాడెన్ విమానాశ్రయానికి మార్చేసింది. దేశం మారిందే గానీ, ప్రయాణికులు దాదాపు వాళ్లే. షార్లెరువాకీ ఆ భయం ఈనాటికీ పోలేదు. ప్రయాణికుల మీద 3 యూరోల పన్ను వేస్తామని 2025లో అక్కడి నగర పాలకులు అన్నప్పుడు, విమానాలు తగ్గించేస్తామని రయాన్‌ఎయిర్ హెచ్చరించింది. పాతికేళ్ల బంధమైనా గొడవొస్తే మొదట బయటికి తీసేది ఆ మాటే.

అయితే ఎయిర్‌లైన్‌ని దీర్ఘకాలం కట్టిపడేసేలా లీజు రాయించుకుంటే సరిపోదా? సరిపోదని పిట్స్‌బర్గ్ నేర్చుకుంది. పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడి వల్ల అమెరికా తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఊరు. 1992 అక్టోబర్‌లో అక్కడ సుమారు వంద కోట్ల డాలర్లతో కొత్త టెర్మినల్ తెరిచారు. యూఎస్ఎయిర్, తర్వాత పేరు మార్చుకుని యూఎస్ ఎయిర్‌వేస్ అయిన కంపెనీ, తన హబ్‌కి, అంటే ప్రయాణికులు విమానాలు మారే కేంద్రానికి, కావాల్సినట్టు కట్టించుకున్న టెర్మినల్ అది. ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కేవాళ్లకు నడక తగ్గేలా గేట్లన్నీ ఎక్స్ ఆకారంలో పేర్చారు. అప్పు తీర్చడానికి భరోసా ఆ కంపెనీ కట్టే అద్దెలే.

అమెరికాలో ఈ పద్ధతి పాతదే. విమానాశ్రయం ఏడాది ఖర్చులోంచి షాపులూ పార్కింగ్ మీద వచ్చిన రాబడిని తీసేసి, మిగిలిన లోటు మొత్తాన్ని ఎయిర్‌లైన్లు పంచుకుని కడతాయి. దీన్ని రెసిడ్యువల్ పద్ధతి అంటారు. నష్టం మోసేది తామే కాబట్టి కొత్తగా ఏం కట్టాలన్నా వద్దనే హక్కు కూడా చాలాచోట్ల ఎయిర్‌లైన్లకే ఉంటుంది. కాగితం మీద చూస్తే విమానాశ్రయానికి ఇంతకన్నా భద్రమైన ఏర్పాటు లేదు. నష్టం మోస్తానన్నవాడు దివాలా తీయనంత వరకు.

యూఎస్ ఎయిర్‌వేస్ 2002లో ఒకసారి, 2004లో ఇంకోసారి దివాలా రక్షణకు వెళ్లింది. అమెరికా దివాలా చట్టం కింద గిట్టుబాటు కాని లీజుల్ని వదిలించుకోవచ్చు. పిట్స్‌బర్గ్ లీజును అలాగే వదిలించుకుంది. 2004 చివరికి అక్కడి హబ్‌ని ఎత్తేసింది. ఒకప్పుడు ఏడాదికి రెండు కోట్ల మంది దాకా తిరిగిన విమానాశ్రయం క్రమంగా ఎనభై లక్షలకు పడిపోయింది. ఖాళీ పడ్డ గేట్లకు అడ్డంగా గోడలు కట్టారు. అప్పు మాత్రం ఎటూ పోలేదు. దాన్ని తీర్చడానికి పెన్సిల్వేనియా రాష్ట్రం కాసినోల మీద వచ్చే రాబడిలోంచి ఏటా కొంత కేటాయించాల్సి వచ్చింది. మిషన్ల ముందు కూర్చుని పోగొట్టుకునేవాళ్ల డబ్బుతో ఖాళీ గేట్ల వాయిదాలు కట్టారన్నమాట. 2009లో డెల్టా ఎయిర్‌లైన్స్ పారిస్‌కి విమానం వేసినప్పుడు కూడా, ఆదాయం తగ్గితే పూడుస్తామని రాష్ట్ర ప్రభుత్వం, స్థానిక వ్యాపార వర్గాలు కలిసి 90 లక్షల డాలర్ల దాకా గ్యారంటీ ఇవ్వాల్సి వచ్చింది. హబ్ పోయిన ఊరి బేరం అలాగే ఉంటుంది. 2025 నవంబర్‌లో అక్కడ కొత్త టెర్మినల్ వచ్చింది. ఈసారి విమానం మారేవాళ్ల కోసం కాకుండా, ఆ ఊరినుంచే బయల్దేరి ఆ ఊరికే తిరిగొచ్చేవాళ్ల లెక్కతో కట్టారు.

మూడో జవాబు జర్మనీలోని మ్యూనిక్‌ది. వాళ్లు ఎయిర్‌లైన్‌ని అద్దెకు దింపలేదు, వాటాదారుగా చేర్చుకున్నారు. 2003 జూన్‌లో తెరిచిన రెండో టెర్మినల్‌లో విమానాశ్రయ సంస్థది 60 శాతం, జర్మనీ ఎయిర్‌లైన్ లుఫ్తాన్సాది 40 శాతం. ఖర్చు, రిస్కు, లాభం అన్నీ అదే పాళ్లలో. 2016లో దానికి జోడించిన శాటిలైట్ భవనం ఏడాదికి మరో కోటీ పది లక్షల మందికి చోటిచ్చింది, అది కూడా ఇదే భాగస్వామ్యంలో. షాపుల మీద వచ్చే లాభంలో వాటా ఉంది కాబట్టి, ప్రయాణికుణ్ణి ఏ దారిలో నడిపించాలి, విమానం మారడానికి ఎంత టైమివ్వాలి అన్న విషయాల్లో ఇద్దరి లెక్కా ఒకటవుతుంది. ఆ టెర్మినల్ లోపల కనెక్షన్‌కి కనీస సమయం అరగంటేనని గొప్పగా చెప్పుకోగలిగింది అందుకే. వాటా పెట్టినవాడికి వెళ్లిపోవడం కూడా అంత తేలిక కాదు. నాకు ఈ మూడింట్లో నికార్సైన భాగస్వామ్యంగా కనిపించేది ఇదొక్కటే. అయితే లుఫ్తాన్సా అంతటి పెద్ద, స్థిరమైన ఎయిర్‌లైన్, మ్యూనిక్ అంతటి సంపన్న నగరం రెండూ దొరికితేనే ఇది కుదురుతుంది. కడపకు పనికొచ్చే నమూనా కాదు.

మ్యూనిక్ నుంచి ఎవరైనా నేర్చుకోదగ్గది ఇంకోటుంది, దానికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు. 2007లో యూరప్‌లో అందరికన్నా ముందుగా అక్కడ ఏ-సీడీఎం అనే పద్ధతిని పూర్తిస్థాయిలో అమల్లో పెట్టారు. అంతకుముందు పైలట్లు రెడీ అయిన వెంటనే ఇంజన్లు ఆన్ చేసుకుని రన్‌వే దగ్గర బారులు తీరేవారు, ఇంధనం మండుతూనే ఉండేది. ఇప్పుడు తలుపులు మూసి కదలడానికి ఎన్నింటికి సిద్ధమవుతామో ఎయిర్‌లైన్ ముందే చెప్పాలి. సామాను ఆలస్యమైతే ఆ టైము మార్చి చెప్పాలి. రన్‌వే ఖాళీని బట్టి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అంటే ఏటీసీ వాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసే సమయం ఇస్తారు. అప్పటిదాకా విమానం గేటు దగ్గరే నిలబడుతుంది. ఇదంతా జరగాలంటే ఎయిర్‌లైన్, గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ, విమానాశ్రయం, ఏటీసీ తమ లోపలి సమాచారాన్ని దాచకుండా ఒకరికొకరు చెప్పుకోవాలి. ఆలస్యం తమ వల్లేనని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి, డబ్బు పంచుకోవడం కన్నా ఇదే కష్టమేమో అనిపిస్తుంది.

ఎయిర్‌లైన్, విమానాశ్రయం ఒక్కమాట మీద ఉన్నా పని కాకపోవచ్చు. మ్యూనిక్‌లో మూడో రన్‌వే కావాలని ఇద్దరూ పట్టుబట్టారు. 2012 జూన్‌లో నగర ప్రజలు ఓటు వేసి వద్దన్నారు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇక్కడ ఎయిర్‌లైన్‌కీ విమానాశ్రయానికీ మధ్య ఇంకో ఇద్దరు కూర్చుని ఉంటారు: నియంత్రణ సంస్థ, ప్రభుత్వం.

పెద్ద విమానాశ్రయాల ఛార్జీలు ఎంతుండాలో ఏఈఆర్‌ఏ అనే సంస్థ నిర్ణయిస్తుంది. షాపుల మీద వచ్చే వంద రూపాయల్లో ఎంత తీసుకెళ్లి విమానాశ్రయ ఛార్జీలు తగ్గించాలి అన్నది అక్కడ ఎప్పుడూ ఉండే పేచీ. మొత్తం వందా అంటే సింగిల్ టిల్, అస్సలు వద్దంటే డ్యుయల్ టిల్. మేం తెచ్చిన ప్రయాణికుడే కదా మీ దగ్గర కాఫీ తాగింది అని ఎయిర్‌లైన్లు వాదిస్తాయి. ఆ షాపు కట్టడానికి పెట్టుబడి పెట్టింది మేం అని విమానాశ్రయాలంటాయి. 2014 ఏప్రిల్ నుంచి సింగిల్ టిల్ లెక్కన శంషాబాద్‌లో యూడీఎఫ్‌ని ఏఈఆర్‌ఏ సున్నా చేసింది. విషయం కోర్టుకెక్కింది, తర్వాత యూడీఎఫ్ మళ్లీ వచ్చింది. 2016 పౌర విమానయాన విధానం మధ్యేమార్గంగా 30 శాతం అని తేల్చింది. దీన్నే హైబ్రిడ్ టిల్ అంటున్నారు. మీ టికెట్‌లో యూడీఎఫ్ పేరుతో కనిపించే అంకె వెనక ఇంత గొడవ ఉంది.

శంషాబాద్ తన పెట్టుబడికి ఇంకో రక్షణ కూడా రాయించుకుంది. 2008 మార్చిలో అది తెరుచుకోగానే బేగంపేటలో సాధారణ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం పెట్టకూడదన్న షరతు కూడా ఒప్పందంలో ఉంది. వరంగల్ దగ్గర మామునూరు విమానాశ్రయం కదలాలంటే శంషాబాద్‌ని నడిపే జీఎంఆర్ అభ్యంతరం లేదనాల్సి వచ్చింది అందుకే. రన్‌వేని కదల్చలేనప్పుడు, పక్కన ఇంకో రన్‌వే రాకుండా చూసుకోవడం ఒక ఉపాయం.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపించడానికి కేంద్రం తెచ్చిన పథకం ఉడాన్. అప్పుడు పౌర విమానయాన మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు. 2017 ఏప్రిల్ 27న మొదటి విమానాలు బయల్దేరితే, సిమ్లా-ఢిల్లీతో పాటు కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ రూట్లు ఆ రోజు జాబితాలో ఉన్నాయి. మన రెండు రూట్లనూ నడిపింది హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్. గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి పెట్టి, విమానంలో సగం సీట్లు ఆ ధరకు ఇవ్వాలన్నారు. 72 సీట్ల ఏటీఆర్ విమానమైతే 36 సీట్లు. వాటి మీద వచ్చే లోటును మూడేళ్ల పాటు కేంద్రం 80, రాష్ట్రం 20 పాళ్లలో భరిస్తాయి. కేంద్రం వాటాకు కావాల్సిన డబ్బు పెద్ద రూట్లలో తిరిగే విమానాల మీద వేసిన లెవీ నుంచి వస్తుంది. అంటే హైదరాబాద్-ఢిల్లీ ప్రయాణికుడు కడప ప్రయాణికుడికి కొంత కట్టిపెడుతున్నాడు. విమానాశ్రయం ల్యాండింగ్, పార్కింగ్ ఛార్జీలు వదులుకోవాలి. రాష్ట్రం ఇంధనం మీద వ్యాట్‌ని ఒక శాతానికి తగ్గించాలి. గెలిచిన ఎయిర్‌లైన్‌కి ఆ మూడేళ్లు రూటు మీద పోటీ ఉండదు.

ఫలితం ఏమైందో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో రాసింది. మూడో విడత దాకా కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తి చేసినవి 112. సాయం ఆగాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ట్రూజెట్ కూడా 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆ ఏడు మార్చి నుంచి కడపకు రాష్ట్ర ప్రభుత్వ సాయంతో ఇండిగో వచ్చింది.

పథకం వృథా అని నేననను. మూడేళ్లలో నష్టాన్ని ప్రభుత్వం మోస్తుంది, నాలుగో ఏడు ఎయిర్‌లైన్ మోయాలి. ఆ మధ్యలో జనానికి విమానం అలవాటైపోతుందన్న నమ్మకం మీద ఇదంతా నిలబడింది. విజయవాడ-సింగపూర్ సర్వీసు దీనికి ఇంకాస్త కుదించిన రూపం. రాష్ట్ర ప్రభుత్వ హామీతో ఇండిగో 2018 డిసెంబర్ 4న వారానికి రెండు విమానాలతో మొదలుపెట్టింది. ఆరు నెలల ఏర్పాటు ముగిసింది, ప్రభుత్వం మారింది, 2019 జూన్‌లో విమానం ఆగింది. ఆర్నెల్లలో అంతర్జాతీయ రూటు ఎక్కడా నిలదొక్కుకోదు. మళ్లీ మొదలయ్యేసరికి 2025 నవంబర్ వచ్చింది.

ఇప్పుడు దేశీయ ప్రయాణికుల్లో అరవై శాతానికి పైగా ఒక్క ఇండిగో చేతిలోనే ఉన్నారు. కింగ్‌ఫిషర్, జెట్, గో ఫస్ట్ వరుసగా మూతపడ్డాయి. చిన్న విమానాశ్రయం బేరమాడాలంటే ఎదుట ఇద్దరు ముగ్గురే ఉంటారు. చిన్న ఎయిర్‌లైన్ దొరికితే బాకీలు పేరుకుంటాయన్న భయం. అందుకే బ్యాంకు గ్యారంటీలు అడుగుతారు. మరీ అనుమానం వస్తే క్యాష్ అండ్ క్యారీ పెడతారు, అంటే ముందు డబ్బు కట్టాకే విమానం కదలాలి.

ఇన్ని చూశాక, ప్రభుత్వం డబ్బు పెట్టాల్సిన రూటు ఏదో గుర్తుపట్టడానికి ముందు రోడ్డు మ్యాప్ చూడాలనిపిస్తుంది. కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి 2021 మార్చి 28న సర్వీసులు మొదలైనప్పుడు బెంగళూరు, చెన్నై, విశాఖలకు వేశారు. హైదరాబాద్‌కి ఎంత రాయితీ ఇచ్చినా అక్కడినుంచి విమానం నిలబడదు. నలభై నాలుగో నంబరు హైవే మీద నాలుగు గంటల్లో ఇంటి గుమ్మం దగ్గరే దిగొచ్చు. విజయవాడ సంగతి వేరు. సెక్రటేరియట్‌లోనో హైకోర్టులోనో పని పడితే కర్నూలు మనిషి రాత్రంతా బస్సులో కూర్చోవాలి, పని చూసుకుని మళ్లీ రాత్రి బస్సే ఎక్కాలి. ఆ రూటులో విమానం 2025 జూలైలో గానీ రాలేదు, అదీ వారానికి మూడు రోజులే.